ప్రతి అదురుకూ ఒక అంకె ఉంటుంది

నూటపది దాటగానే కారు అదురుతోందని ఎవరితోనైనా చెప్పి చూడండి. మాట పూర్తి కాకముందే సలహా సిద్ధంగా ఉంటుంది: వీల్ బ్యాలెన్సింగ్ చేయించు. చేయించినా తగ్గలేదంటే, అలైన్‌మెంట్ చేయించు. అదీ అయిందంటే, టైర్లు మార్చు, బుష్షులు పోయుంటాయి, బేరింగులు చూపించు. అన్నీ అయిపోయాక మిగిలే మాట ఒక్కటే: స్పోర్ట్స్ కారు కదా, కాస్త అలాగే ఉంటుంది, అలవాటు చేసుకో. టైరు షాపులో వినబడేది ఇదే. అద్దాల షోరూమ్ వెనకనున్న వర్క్‌షాపులో వినబడేదీ ఇదే. ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బండి తీసుకెళ్లే కుర్రాళ్లూ, అమెరికాలో సెకండ్ హ్యాండ్ కార్వెట్ కొనుక్కున్న మన ఇంజినీర్లూ ఒకరికొకరు చెప్పుకునేదీ ఇదే.

ఈ వరుసలో ఏ పనీ పనికిమాలినది కాదు. తప్పంతా వరుసలోనే ఉంది. కారులో ఏది తిరుగుతూ అదురు పుట్టిస్తోందో, అది సెకనుకు ఎన్నిసార్లు తిరుగుతోందో తెలుసుకోకుండా మొదలుపెట్టే ప్రతి మరమ్మతూ ఊహే. పదిసార్లలో ఏడుసార్లు ఫలించినా అది ఊహే. మిగిలిన మూడుసార్లు కారు యజమాని టైర్లకు, బుష్షులకు, బేరింగులకు వరసగా డబ్బు కడతాడు, చివరికి అదురుతోనే ఇంటికి వెళతాడు.

అవతలివాళ్ల వాదనలో బలమైన మాట ఒకటుంది. హైవే వేగంలో వచ్చే అదురుకు ఎక్కువసార్లు కారణం చక్రమో టైరో అవుతుంది, బ్యాలెన్సింగ్ చవక, కాబట్టి అక్కడ మొదలుపెడితే నష్టమేమిటి అంటారు. మొదటి రెండు సంగతులూ నిజమే. నష్టం మాత్రం ఉంది. చక్రాలు విప్పి, కొత్త బరువులు అంటించి, మళ్లీ బిగించే ఆ ఒక్క పనిలో ఒకేసారి నాలుగైదు విషయాలు మారిపోతాయి. హబ్ ముఖం మీద పేరుకున్న తుప్పు కదులుతుంది. నట్లు ఇంతకుముందు లేని బిగువుతో, వేరే క్రమంలో కూర్చుంటాయి. చక్రం వేరే కోణంలో హబ్ ఎక్కుతుంది. టైర్లలో గాలి మారుతుంది. అదురు కాస్త తగ్గితే ఎందుకు తగ్గిందో ఎవరికీ తెలియదు, రెండు వారాలకు తిరిగొస్తే ఎందుకొచ్చిందో అసలే తెలియదు. చూడకముందే ఆధారాన్ని చెరిపేశాం. బ్యాలెన్సింగ్ కంటే చవకైన పరీక్ష ఒకటుంది, దానికి ఒక్క నట్టు కూడా విప్పక్కర్లేదు. కావలసింది ఖాళీ రోడ్డు, చట్టం ఒప్పుకునే వేగం, పక్క సీటులో కాగితం పట్టుకుని కూర్చునే మనిషి.

ఆ పరీక్షకు ఆధారమైన లెక్కను ఒక కారు మీద పెట్టి చూపిస్తాను. 1989లో మొదలైన మాజ్దా ఎంఎక్స్-5 ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 2015లో అమ్మకానికి వచ్చిన దాని నాలుగో తరంలో కొన్ని మోడళ్లకు 195/50 ఆర్16 టైర్లుంటాయి. ఆ టైరు వ్యాసం సుమారు 601 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 1.89 మీటర్లు. గంటకు 110 కిలోమీటర్లంటే సెకనుకు 30.6 మీటర్లు. అంటే ఆ వేగంలో చక్రం సెకనుకు 16 చుట్లు కొద్దిగా దాటి తిరుగుతుంది. అది 16 హెర్ట్జ్. టైరు బరువు కింద కాస్త నొక్కుకుంటుంది కాబట్టి అసలు అంకె రెండు మూడు శాతం ఎక్కువ ఉంటుంది, కానీ ఆ సవరణ అన్ని అంకెలకూ సమానంగా వర్తిస్తుంది. ఇప్పుడు వెనక డిఫరెన్షియల్ నిష్పత్తి 2.866. ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగేది 16.2ను దానితో గుణించినంత, అంటే 46 హెర్ట్జ్. ఈ కారు మాన్యువల్ గేర్‌బాక్సులో ఆరో గేరు నిష్పత్తి సరిగ్గా 1. కాబట్టి ఆరో గేరులో ఇంజిన్ కూడా అదే 46 హెర్ట్జ్ దగ్గర, నిమిషానికి సుమారు 2780 చుట్లు తిరుగుతుంది.

ఈ అంకెలు చేతిలో ఉంటే చాలు, సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. 16 హెర్ట్జ్ అదురును చెవి పట్టుకోదు, చేతులకూ తొడలకూ కుదుపుగా తెలుస్తుంది. 46 హెర్ట్జ్ అదురు సన్నటి గుంయ్‌మనే మోతగా చెవికి కూడా అందుతుంది, పాదాల కింద జిలగా ఉంటుంది. మొదటిది చక్రం. రెండోది చక్రం కానే కాదు. రెండో రకం అదురున్న కారును బ్యాలెన్సింగ్ యంత్రం దగ్గరికి తీసుకెళ్లడమంటే కంటి నొప్పికి పంటి డాక్టరు దగ్గరికి వెళ్లడమే.

46 దగ్గర ఇంజినా, షాఫ్టా అన్న ప్రశ్న వస్తే దానికీ సులువైన దారి ఉంది. అదే 110 వేగం నిలబెట్టి, అయిదో గేరుకు దిగాలి. అయిదో గేరు నిష్పత్తి 1.286. ఇంజిన్ 3580 చుట్లకు, అంటే దాదాపు 60 హెర్ట్జ్‌కు ఎగబాకుతుంది. షాఫ్ట్ మాత్రం 46లోనే ఉంటుంది, ఎందుకంటే దానికి చక్రాలతోనే పొత్తు. మోత పైకి జరిగితే దోషం ఇంజిన్ వైపు ఉంది. కదలకుండా ఉంటే షాఫ్ట్ వైపు ఉంది. తర్వాత క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వదిలేయాలి. ఇంజిన్ ఐడిల్‌కు పడిపోయినా అదురు అలాగే ఉంటే ఇంజిన్‌ను అనుమానితుల జాబితాలోంచి తీసేయొచ్చు. ఆపైన అదే వేగంలో ఒకసారి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, ఒకసారి పూర్తిగా వదిలి చూడాలి. తొక్కినప్పుడు మాత్రమే వచ్చే అదురుకు మూలం ఇంజిన్ బలాన్ని మోసే భాగాల్లో ఉంటుంది: ఇరుసుల జాయింట్లు, డిఫరెన్షియల్ మౌంట్లు, షాఫ్ట్ కోణాలు. చక్రంలోని బరువు తేడా యాక్సిలరేటర్‌ను పట్టించుకోదు.

ఈ మూడు పరీక్షలూ పది నిమిషాల పని. ఏ వర్క్‌షాపు అయినా కారు లోపలికి రాగానే చేయొచ్చు. ఎందుకు చేయరంటే, టెస్ట్ డ్రైవ్‌కు బిల్లు వేయరు, బ్యాలెన్సింగ్‌కు వేస్తారు. పార్టుకు వేస్తారు. దీన్ని మెకానిక్కుల దుర్బుద్ధి అనను. ఆలోచనకు కూలి దొరకని ఏర్పాటులో పనిచేసే మనిషి పార్టు మార్చక ఏం చేస్తాడు? ఆ ఏర్పాటును సమర్థించే సలహాలు ఇస్తున్నది మాత్రం మనమే.

బ్యాలెన్సింగ్ యంత్రం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆ యంత్రం సున్నా చూపిస్తే చక్రం నిర్దోషి అని దాదాపు అందరూ నమ్ముతారు. ముందుగా యంత్రానికి దక్కాల్సిన గౌరవం ఇద్దాం. అంచు దగ్గర పది గ్రాముల తేడా ఉందనుకోండి. ఎంఎక్స్-5 రిమ్ము మీద 110 వేగంలో అది సుమారు 21 న్యూటన్ల బలంతో, అంటే రెండు కిలోల బరువుతో సమానంగా, సెకనుకు పదహారుసార్లు హబ్‌ను లాగుతుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. 55లో తెలియని అదురు 110లో తెలియడానికి కారణం అదే. కాబట్టి పది గ్రాములు చిన్న సంగతేమీ కాదు, దాన్ని పట్టే యంత్రమూ చిన్నదేమీ కాదు.

అయితే ఆ యంత్రం చక్రాన్ని గాలిలో తిప్పుతుంది. రోడ్డు మీద చక్రం గాలిలో తిరగదు, కారు బరువు కింద నలుగుతూ తిరుగుతుంది. టైరు పక్కగోడలో ఒకచోట పొరలు కొంచెం మందంగా అతుక్కుని, అక్కడ మాత్రం గట్టిగా ఉందనుకోండి. బరువు అంతటా సమానమే, యంత్రం సున్నా చూపిస్తుంది. రోడ్డు మీదికి రాగానే ఆ గట్టి చోటు ప్రతి చుట్టుకూ ఒకసారి హబ్‌ను పైకి తోస్తుంది. ఎన్ని బరువులు అంటించినా ఈ తోపుడు పోదు. దీన్ని పట్టాలంటే టైరు మీదికి రోలరును బలంగా నొక్కి తిప్పి కొలిచే యంత్రం కావాలి. అమెరికాలో హంటర్ కంపెనీ రోడ్ ఫోర్స్ పేరుతో అమ్మేది అదే. కొలత తెలిశాక టైరులోని గట్టి చోటును రిమ్ము పల్లంగా ఉన్న చోటుకు జతచేసి మళ్లీ ఎక్కిస్తే చాలాసార్లు అదే టైరు, అదే రిమ్ము నున్నగా నడుస్తాయి. కొత్త టైరు మీద ఎర్ర చుక్క ఉండేది ఇలాంటి జతకోసమే. దాన్ని చూసి ఎక్కించే షాపులు ఎన్ని ఉన్నాయో మీరే అడిగి చూడండి.

రెండో లోపం చక్రాన్ని యంత్రానికి బిగించే తీరులో ఉంది. రిమ్ము మధ్య రంధ్రానికి సరిపోని కోన్ పెట్టి బిగిస్తే యంత్రం తన ఇరుసు చుట్టూ సున్నా చూపిస్తుంది, కారు హబ్ చుట్టూ కాదు. దీన్ని పట్టడానికి రెండు నిమిషాలు చాలు: సున్నా వచ్చాక చక్రాన్ని విప్పి, సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పాలి. రెండోసారి కూడా సున్నా రాకపోతే మొదటి సున్నాకు విలువ లేదు. తమ పని మీద నమ్మకమున్న ఏ షాపూ ఈ కోరికను కాదనకూడదు.

మూడోది యంత్రానికి సంబంధించింది కూడా కాదు. ఎంఎక్స్-5 హబ్ వ్యాసం 54.1 మిల్లీమీటర్లు. బయట కొనే అలాయ్ వీల్స్ అనేక కార్లకు సరిపోవాలని మధ్య రంధ్రాన్ని 73.1 మిల్లీమీటర్ల దాకా పెట్టి వస్తాయి. ఆ ఖాళీని నింపే రింగులు వేయకపోయినా, వేసినవి విరిగినా, చక్రాన్ని మధ్యలో నిలిపే బాధ్యతంతా నట్ల మీద పడుతుంది. కారును జాక్ మీంచి దించేశాక ఇంపాక్ట్ గన్‌తో ఒక్కో నట్టూ బిగించుకుంటూ పోతే చక్రం మిల్లీమీటరులో కొంత భాగం పక్కకు జరిగి స్థిరపడుతుంది. బ్యాలెన్సింగ్ అద్భుతంగా ఉంటుంది, కారు అద్భుతంగా అదురుతుంది. రింగు వేసి, చక్రం గాలిలో ఉండగా ఎదురెదురు నట్లను కొంచెం కొంచెంగా బిగించి, చివర టార్క్ రెంచితో ముగిస్తే పోయే జబ్బు ఇది. రిమ్ము వంగిందా లేదా అన్న ప్రశ్న కూడా యంత్రం తెర మీద తేలదు. డయల్ గేజ్ పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. సన్నని పక్కగోడ టైర్లతో మన గుంతల మీద తిరిగే కార్లకు ఇది మొదటి అనుమానం కావాలి, చివరిది కాదు.

అలైన్‌మెంట్ సంగతి తొందరగా తేల్చేయొచ్చు. చక్రాల కోణాలు తిరిగేవి కావు, స్థిరంగా ఉండేవి. స్థిరంగా ఉండేది సెకనుకు పదహారుసార్లు దేన్నీ కుదపలేదు. కోణాలు చెడితే కారు పక్కకు లాగుతుంది, టైరు అడ్డదిడ్డంగా అరుగుతుంది. అలా అరిగిన టైరు కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మోత, అదురు తెస్తుంది. అప్పుడు అలైన్‌మెంట్ చేయించినా అరిగిన రబ్బరు తిరిగి రాదు. అదురుకు మందుగా అలైన్‌మెంట్ అమ్మడం మానేయాలి.

ఇక స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు అన్న సూత్రం. ఇది అందరికీ కంఠతా వచ్చు. మొదటి సూచనగా కొంత పనికొస్తుంది, తీర్పుగా పనికిరాదు. గట్టి బాడీ ఉన్న స్పోర్ట్స్ కారులో వెనక పుట్టిన కంపనం ముందుకు సునాయాసంగా పాకుతుంది. స్టీరింగ్ స్తంభానికి తనదైన సహజ పౌనఃపున్యం ఉంటుంది, దానికి దగ్గరగా వచ్చిన కంపనం ఎక్కడ పుట్టినా అది ఊగుతుంది. ఈ సూత్రం కంటే వంద రెట్లు నమ్మదగిన సాక్ష్యం అంకెల్లోనే ఉంది. 1997 మోడల్‌గా వచ్చిన అయిదో తరం కార్వెట్‌ను చూడండి. దాని ముందు టైరు 245/45 జడ్‌ఆర్17, వెనకది 275/40 జడ్‌ఆర్18. చుట్టుకొలతలు వేరు. 110 వేగంలో ముందు చక్రం సెకనుకు 14.9 చుట్లు, వెనక చక్రం 14.4 చుట్లు తిరుగుతాయి. అర హెర్ట్జ్ తేడా. పది పదిహేను సెకన్లు వేగం నిలబెట్టి కొలిస్తే దోషం ముందుదా వెనకదా అన్నది ఆ అరలో తేలిపోతుంది. రెండు వైపులా దోషం ఉంటే రెండు కంపనాలూ ఒకదానిమీద ఒకటి పడి, దాదాపు ప్రతి రెండు సెకన్లకూ ఒకసారి అదురు ఉబ్బి తగ్గుతుంది. చాలామంది యజమానులు "వచ్చిపోతూ ఉంటుంది" అని చెప్పేది ఇలాంటిదే. వాళ్లు కల్పించి చెబుతున్నారని కొట్టిపారేసే మెకానిక్, కారు తనంతట తాను ఇస్తున్న సాక్ష్యాన్ని కాలదన్నుతున్నాడు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇప్పుడు చెప్పబోయేది. సాధారణ కార్ల అనుభవాన్ని స్పోర్ట్స్ కారు మీద రుద్దేటప్పుడు జరిగే అన్యాయం ఇక్కడే పూర్తిగా కనబడుతుంది. వెనక చక్రాలు నడిపే మామూలు కారులో గేర్‌బాక్సు ఇంజిన్‌ను ఆనుకుని ఉంటుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ రోడ్డు వేగంతో తిరుగుతుంది. 1980లలో వచ్చిన పోర్షె 944, ఇందాక చెప్పిన కార్వెట్ వేరే జాతికి చెందినవి. ముందు వెనక బరువులు సరితూగాలని వాటి గేర్‌బాక్సును వెనక ఇరుసు దగ్గర పెట్టారు. మాన్యువల్ కార్లలో క్లచ్ ముందు ఇంజిన్ దగ్గరే ఉంటుంది. మధ్యలో ఒక గట్టి గొట్టం, దాన్ని టార్క్ ట్యూబ్ అంటారు, దాని లోపల పొడవాటి షాఫ్ట్. ఈ షాఫ్ట్ గేర్‌బాక్సుకు ముందే ఉంది కాబట్టి ఇంజిన్ వేగంతో తిరుగుతుంది. కార్వెట్‌లో షాఫ్ట్‌కు రబ్బరు కప్లింగులు ఉంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు పగులుతుంది. గొట్టంలోని బేరింగులూ అరుగుతాయి.

ఆ దోషంతో వచ్చే అదురు ఎలా ఉంటుంది? ఆరు గేర్ల కార్వెట్‌లో ఆరో గేరు నిష్పత్తి 0.50, వెనక నిష్పత్తి 3.42. 110 వేగంలో ఆరో గేరులో షాఫ్ట్ 25 హెర్ట్జ్ దగ్గర తిరుగుతుంది. నిష్పత్తి 1 ఉన్న నాలుగో గేరులో అదే వేగంలో 49 హెర్ట్జ్. యజమాని "నాలుగో గేరులో వేగం పెంచితే అదురుతోంది, ఆరో గేరులో ఆ వేగంలో లేదు" అంటాడు. కారు పూర్తి నిజం చెప్పేసింది. టైరు షాపుకు మాత్రం ఇందులో వినబడే మాట ఒక్కటే, వేగం పెంచితే అదురుతోంది. బ్యాలెన్సింగ్ మొదలవుతుంది.

అక్కడ చేయాల్సిన పరీక్షకు కారు కదలనక్కర్లేదు. నిలబెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్‌ను అదురు వచ్చే ఆర్‌పీఎమ్‌కు తేవాలి. క్లచ్ వదిలి ఉంటే షాఫ్ట్ కూడా ఇంజిన్‌తో తిరుగుతుంది. అదురు వచ్చిందా? ఇప్పుడు ఆర్‌పీఎమ్ అలాగే నిలిపి క్లచ్ పూర్తిగా తొక్కాలి. షాఫ్ట్‌కు ఇంజిన్‌తో సంబంధం తెగి అది నెమ్మదిస్తుంది. అదురు పోతే దోషం క్లచ్ ప్లేటు నుంచి వెనకవైపు, షాఫ్ట్, కప్లింగులు, బేరింగులలో ఉంది. పోకపోతే ఇంజిన్, ఫ్లైవీల్, ఇంజిన్ మౌంట్లలో ఉంది. చక్రాలు ఒక్క చుట్టు కూడా తిరగలేదు, కాబట్టి నాలుగు టైర్లూ నాలుగు హబ్‌లూ ఒక్కసారిగా నిర్దోషులయ్యాయి. ఇంత స్వచ్ఛమైన పరీక్షను ఆ కారు నిర్మాణమే మనకు ఉచితంగా ఇస్తుంటే, దాన్ని వదిలేసి టైర్ల సెట్టు మార్పించే సలహాను నేను ఎలా సహించాలి?

944లో ఇంకో మెలిక ఉంది. దాని పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజిన్ సహజమైన రెండో వరస కంపనాన్ని అణచడానికి, మిత్సుబిషి పేటెంట్‌ను లైసెన్సు మీద తీసుకుని, పోర్షె రెండు బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టింది. అవి క్రాంక్ వేగానికి రెట్టింపు వేగంతో తిరుగుతాయి, వాటికి ప్రత్యేకంగా బెల్టు ఉంటుంది. ఆ బెల్టు మార్చేటప్పుడు గుర్తులు తప్పుగా కలిపితే, కంపనాన్ని చంపాల్సిన షాఫ్టులే కంపనాన్ని పెంచుతాయి. బెల్టు మార్చిన మర్నాటి నుంచే అదురు మొదలైందని యజమాని చెబితే అంతకు మించిన సాక్ష్యం ఏం కావాలి? ఏం పని జరిగాక ఇది మొదలైంది అన్నది ప్రతి వర్క్‌షాపూ అడగాల్సిన మొదటి ప్రశ్న.

బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వచ్చే అదురు వేరు, దాన్ని దీనితో కలపకూడదు. డిస్కు వంగిపోయిందనే మాటకు మాత్రం ఇక్కడే జవాబు చెప్పాలి. ఫోర్డ్ జీటీ40 కార్యక్రమంలో పనిచేసిన రేసింగ్ ఇంజినీరు కారోల్ స్మిత్ దీన్ని తన వ్యాసంలో స్పష్టంగా ఖండించాడు: వంగిందనుకునే డిస్కుల్లో ఎక్కువ వాటి మీద ప్యాడు పదార్థం అసమానంగా అంటుకుని ఉంటుంది. స్పోర్ట్స్ కారును గట్టిగా తోలి, బ్రేకులు కాలుతుండగా పెడల్ తొక్కిపెట్టి ఆపడం దీనికి పెద్ద కారణం. డిస్కులు మార్చి, అలవాటు మార్చుకోకపోతే అదురు మళ్లీ వస్తుంది.

అంకెల దారిలో చిక్కులు లేవని నేను అనను. ఎంఎక్స్-5 నిష్పత్తి 2.866, మూడుకు చాలా దగ్గర. ఇరుసు లోపలి జాయింటు ట్రైపాడ్ రకమైతే అది అరిగినప్పుడు చుట్టుకు మూడుసార్లు తోస్తుంది. 110 వేగంలో అది 48.5 హెర్ట్జ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ 46.3. శరీరానికి ఈ రెండింటి తేడా తెలియదు. ఇక్కడ కొలత కావాలి, దానికి ఖరీదైన పరికరం కావాలని వెంటనే అంటారు. పికోస్కోప్ లాంటివి ఉంటే మంచిదే. లేకపోతే జేబులోని ఫోనులో యాక్సిలరోమీటరు ఉంది, కంపనాన్ని పౌనఃపున్యాలుగా విడగొట్టి చూపే ఉచిత యాప్‌లున్నాయి. దాన్ని సీటు పట్టాకు గట్టిగా బిగించి, వేగం స్పీడోమీటరుతో కాక జీపీఎస్‌తో చూసి, పదిహేను సెకన్లు నిలకడగా తోలితే 46కూ 48.5కూ తేడా తెర మీద కనబడుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. ఫోను సెకనుకు వందసార్లు కొలుస్తుంటే అది నమ్మకంగా చూపగలిగేది 50 హెర్ట్జ్ దాకానే. షాఫ్ట్ జాయింటు అరిగి చుట్టుకు రెండుసార్లు, అంటే 93 హెర్ట్జ్ దగ్గర అదిరితే, అది ఆ తెర మీద 7 హెర్ట్జ్‌గా కనబడొచ్చు. ఏడు హెర్ట్జ్ చూసి సస్పెన్షన్ బుష్షులు మార్చినవాడు తప్పు చదివాడు, కొలత తప్పు కాదు. అందుకే ఏ అంకెనైనా రెండు వేగాల దగ్గర చూడాలి. 110లో 46 ఉన్నది 90లో 38కి దిగితే అది నిజమైన అంకె. వేగం తగ్గితే పైకి ఎక్కే అంకె దొంగది.

"105 దగ్గర మొదలై 120 దాటితే పోతుంది, కాబట్టి పెద్దదేమీ కాదు" అనే ఓదార్పు ఇంకొకటి. పోవడానికి కారణం దోషం పోవడం కాదు. చక్రం, హబ్, బ్రేకు కలిసిన బరువుకు టైరు మీద తనదైన ఊపు ఉంటుంది, సుమారు 10 నుంచి 15 హెర్ట్జ్. చక్రం తిరిగే పౌనఃపున్యం దానికి దగ్గరగా వచ్చినప్పుడు చిన్న దోషం పెద్దగా తెలుస్తుంది, దాటిపోయాక తెలియదు. 120 దగ్గర ఆ పది గ్రాములు 105 దగ్గర కంటే ఎక్కువ బలంతోనే లాగుతుంటాయి, బేరింగులు ఆ దెబ్బలు తింటూనే ఉంటాయి. దోషం చిన్నదే అయి, అరిగిన బుష్షులు దాన్ని పెంచి చూపడమూ జరుగుతుంది. అప్పుడు బ్యాలెన్సింగ్ నెలకోసారి చేయించుకోవాల్సి వస్తుంది.

స్పోర్ట్స్ కారంటే అలాగే ఉంటుంది అన్న మాటను చివరికి పెట్టింది అది అన్నిటికంటే ప్రమాదకరం కాబట్టి. గట్టి స్ప్రింగులు రోడ్డులో ఉన్న ఎగుడుదిగుళ్లను ఉన్నదున్నట్టు చేరవేస్తాయి, నిజమే. రోడ్డు ఎగుడుదిగుడుకు లయ ఉండదు. నున్నటి రోడ్డు మీద, ఒకే వేగంలో, ఒకే లయలో వచ్చే అదురు స్ప్రింగుల గట్టితనం కాదు, తిరిగే భాగంలోని దోషం. ఈ కార్లు తక్కువ తిరుగుతాయి. టైరు గాడులు లోతుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం ముసలిదై ఉంటుంది. పక్కగోడ మీది తయారీ సంకేతంలో చివరి నాలుగంకెలు చూడండి: 3519 ఉంటే 2019లో 35వ వారంలో తయారైంది. అలాంటి టైరులో ఉక్కు పొరలు విడిపోవడం మొదలైతే ముందు నలభై వేగంలోనే చిన్న ఊపు వస్తుంది, రోజురోజుకూ పెరుగుతుంది, చేత్తో తడిమితే ఒకచోట ఉబ్బు తగులుతుంది. వారాల తరబడి నిలిపి ఉంచిన కారు టైరు చదునెక్కి వచ్చే అదురు ఇది కాదు. అది పదిహేను కిలోమీటర్లు తిరిగి టైరు వేడెక్కాక తగ్గిపోతుంది. ఇది వేడెక్కేకొద్దీ పెరుగుతుంది, 120 దగ్గర పగిలిపోవచ్చు. "అలవాటు చేసుకో" అని సలహా ఇచ్చినవాడు ఆ రెండింటి తేడా అడిగాడా? ఆ ఉబ్బు తగిలితే కారును అక్కడే ఆపి, టైరు మార్చి గాని కదపకూడదు.

వర్క్‌షాపుల్లో నాకు కావలసిన మార్పు జాబ్ కార్డు మీద మొదలవుతుంది. "వైబ్రేషన్ చెక్" అని రెండు మాటలు రాస్తే సంతకం పెట్టకండి. జీపీఎస్ ప్రకారం ఏ వేగంలో మొదలై ఏ వేగంలో తగ్గుతుంది, ఆరో గేరులో ఎంత, అయిదో గేరులో ఎంత, న్యూట్రల్‌లో ఉందా, యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుందా, బ్రేకుతో సంబంధం ఉందా, ఎన్ని హెర్ట్జ్, ఆ అంకె చక్రానిదా షాఫ్టుదా ఇంజినుదా, అంతకుముందు ఏం పని జరిగింది: ఇవన్నీ మీ ముందు రాయించండి. పని అయ్యాక అదే రోడ్డు మీద, అదే టైరు గాలితో, అదే వేగంలో మళ్లీ కొలిచి, కొత్త అంకెను పాత అంకె పక్కన రాయమనండి. మార్చిన పార్టును ఒక సంచిలో పెట్టి ఇమ్మనండి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన లేని బిల్లును కట్టకుండా వెనక్కి ఇవ్వండి.